రెండు పాలసీల మధ్య సందు: విదేశీ ఉద్యోగం, ఆరోగ్య బీమా

గత వేసవిలో మా పిన్ని కొడుకు జర్మనీ ఉద్యోగపు ఆఫర్ లెటర్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి నెలకు ఎంత మిగులుతుంది, ఇంటి అద్దె ఎంత, భార్యాబిడ్డలను ఎన్నో నెలలో తీసుకువెళ్లవచ్చు అని అన్నీ లెక్క వేసుకున్నాడు. లేవబోతూ అడిగాడు: "అక్కా, అక్కడ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంటుందట. ఇక్కడి పాలసీ ఆపేయనా?"

వాడిని మళ్లీ కూర్చోబెట్టాను. వాడికి ఇక్కడ రెండు పాలసీలు ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం సొంతంగా తీసుకున్న ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) ఒకటి, కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఒకటి. ఆ గ్రూప్ పాలసీలోనే మా పిన్ని, బాబాయి ఉన్నారు. బాబాయికి పదేళ్లుగా షుగర్, గుండెకు స్టెంట్ వేసి మూడేళ్లు. కొడుకు రాజీనామా చేసి ఆఖరి రోజు ఆఫీసుకు వెళ్లివస్తే, సాధారణంగా ఆ రోజుతోనే గ్రూప్ పాలసీ రక్షణ ముగుస్తుంది. వాడు విమానం ఎక్కకముందే తల్లిదండ్రులకు బీమా లేకుండా పోతుందన్న మాట. ఆ క్షణం వరకు ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

విదేశాలకు వెళ్లేవారు ఆరోగ్య బీమా గురించి మొదట అడిగేది "ఏ పాలసీ మంచిది?" అని. దానికి జవాబు దేశాన్ని బట్టి, వీసాను బట్టి, ఉద్యోగం ఇచ్చినవారిని బట్టి మారిపోతుంది. చాలా దేశాల్లో ఎంచుకునే అవకాశమే ఉండదు. నేను చూసినంతలో కుటుంబాలు దెబ్బతిన్నదంతా ఒక పాలసీ ముగిసి మరొకటి మొదలయ్యే సందులోనే. ఇక్కడి ఉద్యోగం వదిలిన రోజుకు, అక్కడ చేరిన రోజుకు మధ్య ఒక సందు. మనిషి వెళ్లాక కుటుంబం వచ్చేదాకా ఇంకొకటి. అక్కడ ఉద్యోగం పోయినప్పుడు, అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు, చివరికి తిరిగి వచ్చేసినప్పుడు మరికొన్ని. ఈ సందులను ముందే గుర్తిస్తే పాలసీ ఎంపిక సగం తేలిపోతుంది.

బయలుదేరే ముందు, ఇంటి దగ్గర

మన దేశపు ఆరోగ్య పాలసీలు సాధారణంగా మన దేశంలో జరిగే చికిత్సకే డబ్బు ఇస్తాయి. అలాంటప్పుడు విదేశంలో ఉండే మనిషికి వాటితో పనేమిటని అడగవచ్చు. జవాబు వెయిటింగ్ పీరియడ్‌లో ఉంది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు చికిత్స ఖర్చు ఇవ్వడానికి కంపెనీలు కొంతకాలం ఆగమంటాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆ గరిష్ఠ గడువును 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. అలాగే 60 నెలలు ఆపకుండా పాలసీ నడిపితే, మోసం చేశారని రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించే వీలు లేదు. ఇంతకుముందు దీనికి ఎనిమిదేళ్లు పట్టేది.

మా తమ్ముడు అప్పటికే నాలుగేళ్లు కట్టాడు. ఆపేస్తే ఆ నాలుగేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. నలభై ఐదేళ్ల వయసులో, ఒంట్లో రెండు మూడు కొత్త జబ్బులతో తిరిగి వచ్చి మళ్లీ మొదటి నెల నుంచి మొదలుపెట్టాలి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్‌టీ కూడా లేదు. కాబట్టి బీమా మొత్తం తగ్గించుకున్నా సరే, సొంత పాలసీని నడుపుతూనే ఉండమని నా గట్టి సలహా. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరినా అదే ఆదుకుంటుంది.

తల్లిదండ్రుల విషయం ఇంకా తొందరది. గ్రూప్ పాలసీ నుంచి బయటికి వస్తున్నవారు అదే బీమా కంపెనీ దగ్గర వ్యక్తిగత పాలసీకి మారమని అడగవచ్చు. అలా మారితే గ్రూప్‌లో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో లెక్కలోకి తీసుకుంటారు. అయితే ఆ దరఖాస్తు గ్రూప్ రక్షణ ముగియకముందే పెట్టాలి. నోటీసు పీరియడ్ మొదలైన వారంలోనే ఈ పని మొదలుపెట్టడం మంచిది. వైద్య పరీక్షలు, పాత రిపోర్టులు, కంపెనీ అడిగే ప్రశ్నలు ఇవన్నీ తేలడానికి సమయం పడుతుంది. బాబాయి స్టెంట్ సంగతి దరఖాస్తులో రాయాలా వద్దా అని మా ఇంట్లో కాస్త చర్చ జరిగింది. రాశాం. ప్రీమియం పెరిగింది. కొడుకు ఏడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు క్లెయిమ్ తిరస్కరించారన్న కబురు వినడం కన్నా అది నయం.

అరవై ఐదు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వరన్న మాట ఇంకా చాలామంది నోట వినిపిస్తోంది. ఆ వయసు నిబంధనను 2024లోనే తీసేశారు. డెబ్బై దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తిస్తుంది. దానికి కార్డు చేయించాలి. కొడుకో కూతురో దగ్గరున్నప్పుడే ఆ పని పూర్తి చేయించడం మేలు.

ఇక ట్రావెల్ ఇన్సూరెన్స్. దీన్ని ఆరోగ్య బీమా అనుకుని వెళ్లేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. అది ప్రయాణంలో హఠాత్తుగా వచ్చిపడే ఆపదలకు ఉద్దేశించినది. పాత జబ్బులకు, గర్భానికి, దీర్ఘకాలపు మందులకు సాధారణంగా పనికిరాదు. అయినా మొదటి సందును పూడ్చడానికి మాత్రం దాని అవసరం ఉంది. మా తమ్ముడి టికెట్ 20వ తేదీకి, ఉద్యోగంలో చేరేది ఒకటో తేదీన. అక్కడి బీమా చేరిన రోజునే మొదలవుతుంది. ఆ మధ్య పదకొండు రోజులకు ఒక ట్రావెల్ పాలసీ తీసుకున్నాడు.

ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు?

దేశానికో పద్ధతి ఉన్నా, ఉద్యోగం మీద వెళ్లే మనవారికి ఎదురయ్యేవి ప్రధానంగా నాలుగు దారులు. బ్రిటన్‌లో పన్నుల డబ్బుతో ప్రభుత్వమే వైద్యం నడుపుతుంది. జర్మనీలో జీతంలోంచి శాతం లెక్కన కోసి బీమా నిధులకు ఇస్తారు. గల్ఫ్‌లో చాలాచోట్ల ఉద్యోగం ఇచ్చిన యజమానే బీమా తీయాలని చట్టం చెబుతుంది. అమెరికాలో కంపెనీ ప్రైవేటు పాలసీలను బల్ల మీద పెడుతుంది, అందులోంచి ఉద్యోగి ఎంచుకోవాలి. మనం వెళ్లేది వీటిలో ఏ దారో తెలిస్తే, అక్కడి సందు ఎక్కడుందో వెతకడం తేలిక.

బ్రిటన్‌లో ఎంపిక దాదాపు లేదు. వీసా దరఖాస్తుతో పాటే ఆరోగ్య సర్‌చార్జి కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. ఎన్నేళ్ల వీసా అయితే అన్నేళ్లదీ ఒకేసారి, ముందే కట్టాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మూడేళ్లకు వెళితే 10,866 పౌండ్లు. ఆఫర్ లెటర్‌లో జీతం చూసి మురిసిపోయేవారు ఈ మొత్తం కంపెనీ భరిస్తుందా లేదా అని సంతకానికి ముందే అడగాలి. నర్సులు, వైద్యులు వెళ్లే హెల్త్ అండ్ కేర్ వీసాకు ఈ సర్‌చార్జి నుంచి మినహాయింపు ఉంది.

జర్మనీ: వయసు పెరిగాక తెలిసే తప్పు

జర్మనీలో ఉద్యోగుల ఆరోగ్య బీమాకు చట్టం వచ్చింది 1883లో, బిస్మార్క్ కాలంలో. ఇప్పుడు అక్కడ ప్రభుత్వ చట్టం కింద నడిచే బీమా నిధులు తొంభైకి పైగా ఉన్నాయి. వీటితో పాటు ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి. కొత్తగా వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరును మొదటి నెలలోనే వెతుక్కుంటూ వచ్చే ఫోన్లు ఈ రెండో రకం ఏజెంట్లవి.

నిధి పద్ధతిలో జీతంలో 14.6 శాతం, దాని పైన నిధిని బట్టి మారే అదనపు శాతం చందాగా పోతుంది. 2026లో ఆ అదనపు భాగం సగటు 2.9 శాతం. మొత్తంలో సగం కంపెనీ, సగం ఉద్యోగి. జీతం ఎంత పెద్దదైనా ఏడాదికి 69,750 యూరోల వరకే ఈ శాతం లెక్కిస్తారు. కాబట్టి 2026లో 80,000 యూరోల జీతగాడి వంతు నెలకు దాదాపు 509 యూరోలు. వృద్ధాప్యంలో సంరక్షణ కోసం తప్పనిసరిగా కట్టే బీమా దీనికి అదనం. జబ్బు ఉందని నిధి ఎవరినీ కాదనలేదు. అన్నిటికన్నా పెద్ద విషయం ఏమిటంటే, ఇప్పటి నిబంధనల ప్రకారం సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో వేరే చందా లేకుండానే అదే బీమా వర్తిస్తుంది.

ఏడాది జీతం ఒక హద్దు దాటితేనే ప్రైవేటుకు వెళ్లే హక్కు వస్తుంది. 2026లో ఆ హద్దు 77,400 యూరోలు. అంతకు తక్కువ జీతమైతే నిధిలో చేరడమే. అప్పుడు చేయవలసిన ఎంపిక చిన్నది. వైద్య సేవలు చాలా వరకు చట్టమే నిర్ణయించింది కాబట్టి, ఏ నిధి అదనపు శాతం తక్కువ తీసుకుంటోంది, ఏది ఇంగ్లీషులో ఫోను ఎత్తుతుంది అని చూసుకుంటే చాలు.

హద్దు దాటిన జీతం వచ్చినవారికే అసలు చిక్కు. ప్రైవేటు ప్రీమియం జీతం మీద కాక, చేరేనాటి వయసు, ఆరోగ్యం మీద ఆధారపడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ల ఒంటరి యువకుడికి అది నిధి చందా కన్నా తక్కువగా కనిపించవచ్చు, డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా త్వరగా దొరకవచ్చు. కానీ పెళ్లయితే భార్యకు ఒక ప్రీమియం, బిడ్డకు ఒక ప్రీమియం విడివిడిగా కట్టాలి. డాక్టరు బిల్లు మన పేరున వస్తుంది. కట్టి, తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. వయసుతో ప్రీమియం పెరుగుతూ పోతుంది. వెనక్కి రావాలంటే జీతం హద్దు కన్నా తగ్గాలి. 55 ఏళ్లు దాటాక ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

ఇందులో చాలామందికి తెలియని గడువు ఒకటుంది. జర్మనీలో మొదటి ఉద్యోగమే హద్దు దాటిన జీతంతో వచ్చిన మనిషి, ఉద్యోగం మొదలైన మూడు నెలల్లోపు స్వచ్ఛందంగా నిధిలో చేరవచ్చు. మూడు నెలలూ ఏజెంటు మాటలు వింటూ గడిపేస్తే ఆ అవకాశం పోతుంది. భార్యాపిల్లలు ఆరు నెలల తర్వాత వస్తారు, అప్పటికి ఎంచుకుందాంలే అనుకునేవారికి ఇదే ఉరి. కుటుంబాన్ని తీసుకువెళ్లే ఆలోచన ఉన్నవారు నిధిలోనే చేరాలని నేను నిస్సంకోచంగా చెబుతాను. మా తమ్ముడు ఆ పనే చేశాడు. చేరిన కొద్ది వారాలకు ఫొటో ఉన్న కార్డు పోస్టులో వచ్చింది. కార్డు వచ్చేలోపు డాక్టరుకు చూపించడానికి నిధి ఇచ్చిన ధ్రువపత్రం సరిపోయింది. భార్య, పాప వెళ్లిన వారం ఒక ఫారం నింపితే వాళ్ల పేర్లూ చేరాయి.

అమెరికా: నాలుగు మాటల అర్థం తెలియాలి

అమెరికాలో మనవారిని కంగారుపెట్టేది భాష. ప్రీమియం, డిడక్టిబుల్, కోఇన్సూరెన్స్, అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాక్సిమమ్ అనే నాలుగు మాటలు ఉద్యోగంలో చేరిన వారంలోనే తెర మీదికి వస్తాయి. వాటి ఎదురుగా మూడు ప్లాన్లు ఉంటాయి. ఒకటి నొక్కమంటారు. చాలామంది జీతంలోంచి తక్కువ కోసే ప్లాన్ నొక్కేస్తారు.

ఒక ఆపరేషన్ పట్టుకుని ఈ మాటలు చూద్దాం. ఆసుపత్రి 48,000 డాలర్ల బిల్లు వేసిందనుకోండి. బీమా కంపెనీకీ ఆసుపత్రికీ ముందే ఒక ధర ఒప్పందం ఉంటుంది. దాని ప్రకారం ఒప్పుకున్న మొత్తం 30,000. నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి అంటే ఈ ఒప్పందం ఉన్న ఆసుపత్రి అని అర్థం. మీ డిడక్టిబుల్ 2,000 అయితే మొదటి 2,000 మీరే కట్టాలి. మిగిలిన 28,000లో కోఇన్సూరెన్స్ 20 శాతం, అంటే 5,600. రెండూ కలిపి 7,600. అయితే మీ ప్లాన్‌లో ఏడాది గరిష్ఠ పరిమితి (అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాక్సిమమ్) 6,000 అని ఉంటే అక్కడితో మీ వంతు ఆగిపోతుంది. ఆ ఏడాది నెట్‌వర్క్‌లో జరిగే మిగతా చికిత్స కంపెనీదే. నెలనెలా కట్టే ప్రీమియం ఈ లెక్కలో రాదు, అది వేరు.

కాబట్టి ప్లాన్లు పోల్చేటప్పుడు ఏడాది ప్రీమియాన్ని, ఈ గరిష్ఠ పరిమితిని కలిపి చూడాలి. ఆ రెండూ కలిస్తే, బాగా జబ్బు చేసిన ఏడాదిలో మీ ఇంటినుంచి పోయే మొత్తం దాదాపుగా తెలుస్తుంది. చట్టం ప్రకారం ఆ పరిమితి 2026లో ఒక మనిషికి 10,600 డాలర్లు, కుటుంబానికి 21,200 డాలర్లు మించకూడదు. కొత్తగా వెళ్లిన కుటుంబం దగ్గర బ్యాంకులో పదివేల డాలర్లు ఉండవు. వారికి ప్రీమియం ఎక్కువైనా డిడక్టిబుల్ తక్కువ ఉన్న ప్లాన్ మొదటి ఏడాదికి నయం. ఎక్కువ డిడక్టిబుల్ ప్లాన్‌తో పాటు ఇచ్చే, వైద్య ఖర్చులకు డబ్బు దాచుకునే హెచ్ఎస్ఏ ఖాతా పన్ను మిగిల్చే మంచి సాధనమే కానీ, అది చేతిలో కాస్త డబ్బు నిలదొక్కుకున్న తర్వాతి మాట.

డిడక్టిబుల్ చాలా ప్లాన్లలో జనవరి ఒకటిన మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నవంబరులో చేరి డిసెంబరులో పరీక్షలు చేయించుకుని, జనవరిలో కాన్పు అయితే రెండేళ్ల డిడక్టిబుల్ కట్టవలసి వస్తుంది. 2014 నుంచి అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం పాత జబ్బు పేరుతోనో, గర్భం పేరుతోనో రక్షణ నిరాకరించే వీలు లేదు. మన దేశం నుంచి వెళ్లేవారు ఈ భయంతో జబ్బు దాచవలసిన పని లేదు. కంపెనీలు బీమా మొదలుపెట్టడానికి 90 రోజుల వరకు ఆపవచ్చు. అదొక సందు. చేరిన రోజునే మొదలవుతుందా, వచ్చే నెల ఒకటినా, మూడు నెలలకా అన్నది హెచ్ఆర్‌ను ఈమెయిలులో అడిగి జవాబు దాచుకోవాలి. భార్య తర్వాత వచ్చే పక్షంలో ఆమెను చేర్చే గడువు ఎన్ని రోజులో కూడా అందులోనే అడగాలి. బిడ్డ పుడితే కంపెనీ ప్లాన్లలో సాధారణంగా 30 రోజుల్లో పేరు చేర్చాలి. పురిటి హడావుడిలో ఆ 30 రోజులు ఇట్టే గడిచిపోతాయి.

మొదటిసారి ఆసుపత్రికి వెళ్లివచ్చాక బీమా కంపెనీ నుంచి ఒక కాగితం వస్తుంది. పైన ఆసుపత్రి అడిగినది, కింద ఒప్పుకున్నది, ఇంకా కింద మీ వంతు అని గడులు ఉంటాయి. ఎక్కడో ఒకచోట "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంటుంది. ఆ వాక్యం చూడక వెంటనే డబ్బు కట్టడానికి పరిగెత్తేవారున్నారు, భయపడి కవరే విప్పనివారూ ఉన్నారు. ఆసుపత్రి అసలు బిల్లు వచ్చాక, మీ వంతు అంకె రెండింటిలో ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఫోను చేసి అడగడం అక్కడ మామూలు విషయం. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల అత్యవసర చికిత్సలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి అదనంగా గుంజే వీలు తగ్గింది. రోడ్డు మీద వచ్చే అంబులెన్సు మాత్రం ఆ చట్టం పరిధిలో లేదు.

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినది చిన్న కన్సల్టెన్సీల గురించి. యాభైమంది కన్నా తక్కువ పూర్తికాలపు ఉద్యోగులున్న కంపెనీ బీమా ఇవ్వకపోయినా అఫర్డబుల్ కేర్ చట్టం కింద జరిమానా లేదు. అలాంటి చోట్ల బీమా ఇచ్చినా ప్రీమియం మొత్తం ఉద్యోగి నెత్తిన పడటం ఉంది. ఆరోగ్య రంగాన్ని అధ్యయనం చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ సర్వే ప్రకారం 2024లో కుటుంబ పాలసీ సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగుల వంతు సగటున 6,296 డాలర్లు. జీతం అంకె ఒకటే అయినా, ప్రీమియంలో కంపెనీ ఎంత భరిస్తుందన్న దాన్ని బట్టి రెండు ఆఫర్ల మధ్య ఏడాదికి పదివేల డాలర్లకు పైగా తేడా రావచ్చు. కంపెనీ ఇవ్వకపోతే హెచ్-1బీ మీద ఉన్నవారు ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో పాలసీ కొనుక్కోవచ్చు.

ఉద్యోగం పోవడం గోరుచుట్టు మీద రోకటిపోటు. హెచ్-1బీ మీద ఉన్నవారికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఆ హడావుడిలో బీమా సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఇరవైమంది అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా చట్టం కింద అదే బీమాను సాధారణంగా 18 నెలల వరకు సొంత ఖర్చుతో కొనసాగించుకోవచ్చు. ఖర్చు మాత్రం మొత్తం ప్రీమియంలో 102 శాతం వరకు, అంటే కంపెనీ వంతు కూడా మనమే కట్టాలి. అయితే ఎంచుకోవడానికి కనీసం 60 రోజుల గడువు ఇస్తారు. ఎంచుకుని బాకీ ప్రీమియం కడితే రక్షణ పోయిన రోజు నుంచీ వర్తిస్తుంది. ఆ రెండు నెలల్లో ఏ ఆపదా రాక, కొత్త కంపెనీ బీమా మొదలైతే ఒక్క డాలరు కూడా కట్టనక్కరలేదు. ఆపద వస్తే గడువులోపు ఎంచుకుని కట్టవచ్చు. నోటీసు కాగితం మాత్రం పారేయకూడదు.

గల్ఫ్: కార్డు వెనుక ఏముందో

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి ఎంపిక చేసుకునే తీరిక ఎవరూ ఇవ్వరు. సౌదీలో ప్రైవేటు యజమాని ఉద్యోగికీ, వెంట ఉన్న కుటుంబానికీ బీమా తీయాలి. దుబాయ్‌లో 2013 నాటి చట్టం ప్రకారం ఉద్యోగి బీమా ఖర్చు యజమానిది, జీతంలో కోయకూడదు. కుటుంబ సభ్యుల బాధ్యత వారి వీసాకు స్పాన్సర్‌గా ఉన్న మనిషిది. షార్జా, అజ్మాన్ వంటి ఉత్తర ఎమిరేట్లలో 2025 జనవరి ఒకటి నుంచి ప్రైవేటు ఉద్యోగులకు, ఇంటిపనివారికి బీమా తప్పనిసరైంది. కనీస ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హమ్‌లు. ఆసుపత్రిలో చేరితే ఖర్చులో 20 శాతం, మందులకు 30 శాతం పరిమితికి లోబడి రోగి పెట్టుకోవాలి. ఆ ప్యాకేజీకి ఒప్పుకున్న ఆసుపత్రులకే వెళ్లాలి.

అందుకే కార్డు చేతికి వచ్చిన రోజునే దాని మీద నెట్‌వర్క్ పేరు చూసుకుని, క్యాంపుకు దగ్గరలో ఆ నెట్‌వర్క్ క్లినిక్ ఎక్కడుందో తోటివారిని అడిగి పెట్టుకోవాలి. ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి వెతుక్కునే పని కాదది.

పదో తరగతి పాసవని వారు గల్ఫ్ దేశాలతో సహా ఈసీఆర్ జాబితాలోని (వెళ్లే ముందు మన ప్రభుత్వ అనుమతి అవసరమైన) దేశాలకు వెళ్లేటప్పుడు మన ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు వస్తాయి. ఇందులో కుటుంబాలు పొరబడేది ఒకటుంది. గుండెపోటుతో నిద్రలోనే పోయిన మనిషికి ఆ 10 లక్షలు రావు, అది ప్రమాదానికే. చికిత్సకు ఉన్నది లక్ష రూపాయల వరకే, ఆసుపత్రిలో చేరిన ఒక్కోసారికి 50 వేల లోపు. గడువు తీరాక విదేశంలో ఉండగానే ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు. ఇంత తక్కువ డబ్బుకు దొరికే రక్షణ వదులుకోకూడదు, అలాగని దాన్ని ఆరోగ్య బీమా అనుకోనూ కూడదు.

విజిట్ వీసా మీద పంపి అక్కడికి వెళ్లాక మారుస్తామనే ఏజెంటు ఈ రెండు రక్షణల నుంచీ మనిషిని తప్పిస్తున్నాడు. మన ప్రభుత్వం ఇచ్చే ఆ అనుమతి, అంటే ఈమైగ్రేట్ క్లియరెన్సు ఉండదు కాబట్టి మన బీమా ఉండదు. ఉద్యోగ వీసా లేదు కాబట్టి అక్కడి యజమాని బీమా ఉండదు. యజమాని దగ్గర నుంచి బయటపడి కల్లివెల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా మిగిలినవారి పరిస్థితీ అదే. రెండు లక్షలు అప్పు చేసి పంపే ఇంటివారు ఏజెంటును అడగవలసిన మొదటి ప్రశ్న, "పాస్‌పోర్టు మీద పడేది ఉద్యోగ వీసానా?" అని. జీతం ఎంత అన్నది దాని తర్వాతే.

మిగతా దేశాలు, రెండు మాటల్లో

సింగపూర్‌లో వర్క్ పర్మిట్, ఎస్ పాస్ మీద ఉన్నవారికి యజమాని ఏడాదికి కనీసం 60,000 సింగపూర్ డాలర్ల వైద్య బీమా తీయాలి. పెద్ద జీతాల ఎంప్లాయిమెంట్ పాస్ వారికి ఆ నిబంధన లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆఫర్‌లో రాసి ఉందో లేదో చూసుకోవాలి. కెనడాలో రాష్ట్రానికో పద్ధతి. బ్రిటిష్ కొలంబియాలో చేరిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు ఆగాకే ప్రభుత్వ బీమా మొదలవుతుంది. ఆ మధ్యకాలానికి ప్రైవేటు పాలసీ తీసుకోవాలి. ఆస్ట్రేలియాకు మన దేశంతో వైద్య ఒప్పందం లేదు కనుక తాత్కాలిక ఉద్యోగ వీసా మీద వెళ్లేవారు విదేశీ సందర్శకుల పాలసీ కొనాలి. కాన్పు ఖర్చుకు సాధారణంగా 12 నెలల వెయిటింగ్ ఉంటుంది, ఆ కబురు కడుపుతో ఉన్నామని తెలిశాక వింటే ఉపయోగం లేదు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

ఇక్కడే నాకు ఎక్కువ బాధ. కూతురి పురిటికని, మనవడిని చూడాలని వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి బీపీ, షుగర్ ఉంటాయి. అమెరికాకు సందర్శక వీసా మీద వచ్చినవారికి మార్కెట్‌ప్లేస్ పాలసీ దొరకదు. కొడుకు కంపెనీ బీమాలోనూ సాధారణంగా చేర్చరు. మిగిలేది విజిటర్ ఇన్సూరెన్స్. అందులో చవకైన రకానికి ఒక్కో సేవకు ఇంత అని ముందే గీత గీసి ఉంటుంది. డాక్టరుకు ఇంత, ఎమర్జెన్సీ గదికి ఇంత, ఆసుపత్రి రోజుకు ఇంత. అసలు బిల్లు దానికి పదింతలైతే మిగతాది తడిసి మోపెడవుతుంది. ఇంకో రకం, డిడక్టిబుల్ పోగా పాలసీ మొత్తం వరకు శాతం లెక్కన కడుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ తల్లిదండ్రులకు ఇదే తీసుకోవాలి.

పాత జబ్బుల దగ్గర ఒక మాట వెతకాలి. అప్పటిదాకా అదుపులో ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే కడతామని కొన్ని పాలసీల్లో ఉంటుంది. ఎన్ని గంటల్లో చికిత్సకు వెళ్లాలి, ఏ వయసు వరకు, ఎంత మొత్తం వరకు అన్న షరతులు దాని వెంటే ఉంటాయి. డెబ్బై దాటితే ఆ మొత్తం బాగా తగ్గిపోతుంది. రోజూ వేసుకునే మందులు, మామూలు చెకప్‌లు ఏ పాలసీలోనూ రావనుకుని ఆరు నెలల మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా సర్దుకుని రావడమే మార్గం. బ్రిటన్‌లో సందర్శకులకు ఎమర్జెన్సీ విభాగంలో చూపించుకోవడం ఉచితమే కానీ, వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి అసలు ఖర్చుకు 150 శాతం వసూలు చేస్తారు.

తిరిగి వచ్చే రోజు కోసం

మా తమ్ముడు వెళ్లే ముందు రోజు రాత్రి ఇంకో రెండు పనులు చేశాడు, అవి ఇక్కడ రాయాలనిపించింది. విదేశంలో స్థిరపడి ఎన్ఆర్ఐ అయ్యాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఐల కోసం ఉన్న ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. మార్చేటప్పుడు పాత ఖాతాకు ముడిపెట్టిన ఆటో డెబిట్ తెగిపోతే బీమా ప్రీమియం చెల్లించలేదన్న సంగతే మనకు తెలియదు. సాధారణంగా ఏడాది పాలసీకి గ్రేస్ పీరియడ్, అంటే ఆలస్యంగా కట్టే వీలున్న గడువు, 30 రోజులు. అది దాటితే ఇన్నేళ్ల వెయిటింగ్ పీరియడ్ పోయినట్టే. వాడు బ్యాంకుకు వెళ్లి ఖాతా మార్చే కాగితాలు ఇచ్చి, ప్రీమియం ఆటో డెబిట్‌ను కొత్త ఖాతాకు కట్టించాడు.

రెండోది సిమ్ కార్డు. రెన్యువల్ కబురు, ఓటీపీ అన్నీ ఆ నంబరుకే వస్తాయి. రీఛార్జి లేక ఆ నంబరు రద్దయితే పాలసీ తెరిచి చూసే దారి కూడా ఉండదు. వాడి నంబరు రీఛార్జి తేదీ, తన పాలసీ రెన్యువల్ తేదీ, పిన్ని బాబాయిల పాలసీ తేదీ, వాళ్ల క్యాష్‌లెస్ కార్డుల ఫొటోకాపీలు, బీమా కంపెనీ టోల్ ఫ్రీ నంబరు ఒకే తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రిజ్ మీద అంటించి వెళ్లాడు. మొన్న నవంబరులో బాబాయికి అర్ధరాత్రి ఆయాసం వస్తే పిన్ని ఆ కాగితాన్ని పీకి చేత్తో పట్టుకునే ఆసుపత్రికి వెళ్లింది.